బొంతన్న రెండో చెవి

సోమవారం సెలవు గడిచి మంగళవారం పొద్దున గది తలుపు తీసేసరికి, అరవై నాలుగేళ్లుగా ఒంటి చెవితో బతుకుతున్న బొంతన్నకి రెండు చెవులున్నాయి.

లైబ్రేరియన్ ఆ సంగతి వెంటనే గమనించలేదు. తర్వాత రోజంతా ఆమెని తొలిచేసింది అదే. ప్రతి మంగళవారం లాగే రిజిస్టరు తెరిచి గాజు పెట్టె ముందు నిలబడింది. ఎడమ కన్ను, బొత్తం పగులు, మామూలే. పొట్ట మీద సిరా మరక, మామూలే. కుడి చెవి, లేదు. పదకొండేళ్లుగా వారం వారం రాస్తున్న మాట కాబట్టి చెయ్యి తనంతట తనే రాసేసింది. రాశాక తలెత్తింది. కుడి చెవి ఉంది.

కలం మూత చేతిలోంచి జారి, దొర్లుకుంటూ బీరువా కిందికి పోయింది. దాన్ని తీసే ప్రయత్నం ఆమె చెయ్యలేదు.

బొంతన్న అంటే బొమ్మ ఎలుగుబంటి. పాత బొంత ముక్కలతో ఒక తల్లి కూతురికి కుట్టిచ్చిన బొమ్మ. ఆ కూతురు పెరిగి పెద్దదై బొంతన్న కథలు రాసింది. మొత్తం పద్దెనిమిది పుస్తకాలు. అమ్మ చేత చదివించుకున్న పిల్లలు ఇప్పుడు తమ పిల్లలకి చదివి వినిపిస్తున్నారు. మొదటి కథలో బొంతన్న నిద్ర లేచి చూసుకుంటే ఒక చెవి ఉండదు. అక్కణ్ణుంచి ఒక్కో పుస్తకంలో ఒక్కొక్కరి మీద అనుమానం. తొందర అనే తాబేలు మీద, ఆరా అనే కాకి మీద, మొహమాటం అనే మేక మీద, పెద్దాయన అనే చిట్టెలుక మీద. ప్రతిసారీ చివరికి ఆ జంతువు నిర్దోషి అని తేలుతుంది, అందరూ కలిసి దుప్పటి కప్పుకుని పడుకుంటారు. చెవి ఎవరు తీశారో మాత్రం పద్దెనిమిది పుస్తకాల్లోనూ లేదు.

ఆ అయిదు బొమ్మలూ ఈ పిల్లల గ్రంథాలయంలోనే, ఈ గదిలోనే, ఈ గాజు పెట్టెలోనే ఉన్నాయి. పెట్టె పక్కన ఒక ఉత్తరాల డబ్బా. దొంగెవరో తేల్చి చెబుతూ పిల్లలు అందులో చీటీలు వేస్తారు. పోయిన వారం వచ్చిన చీటీ ఇలా ఉంది: ‘చెవి మేకే తినేసింది. నాకు గ్యారంటీగా తెలుసు. మా పక్కింటి మేక నా లెక్కల పుస్తకం తినేసి ఇలాగే మొహం పెట్టింది.’

రాబోయే శనివారం రచయిత్రి ఇక్కడికే వస్తోంది. ఆమెకి డెబ్భై మూడేళ్లు. రెండేళ్లుగా చూపు పూర్తిగా పోయింది. బొంతన్నని ఒళ్లో పెట్టుకుని ఆఖరి కథ చెబుతానని, దొంగ పేరు కూడా చెబుతానని పత్రికల వాళ్లకి మాటిచ్చింది. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

లైబ్రేరియన్ పెట్టె తాళం కప్ప చూసింది. వేసినట్టే ఉంది. దాని మీద సన్నటి దుమ్ము కూడా చెదరలేదు. దాని తాళంచెవి ఒకటే. అది ఆమె మెడలోని తాడుకే ఉంది.

కిందికి వెళ్లి అధ్యక్షుడికి కబురు పెట్టింది.

*

‘‘మార్చేశారు,’’ అన్నాడు అధ్యక్షుడు. ఆయన గ్రంథాలయ సంఘానికి అధ్యక్షుడు. కబురందిన పావుగంటలో వచ్చి వాలాడు. ‘‘అసలుది ఎత్తుకుపోయి నకిలీది పెట్టారు. చేసినవాడు కథ చదవని మొద్దు. రెండు చెవులూ కుట్టేశాడు.’’

‘‘కాదండీ. సిరా మరక అదే. కన్ను పగులు అదే. కాలి కింద మాడిన మచ్చ అదే. రిజిస్టరుతో సరిచూశాను. వీడు మన బొంతన్నే. చెవి ఒక్కటే కొత్తగా వచ్చింది.’’

‘‘చెవి ఎలా వస్తుందమ్మా? మొలిచిందా? ఊడిన చోట మళ్లీ రావడానికి పాలపన్నా?’’

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని గాజు మీదికి వంగాడు. బొంతన్న ఒళ్లంతా వెలిసి బూడిదరంగుకి తిరిగింది. కొత్త చెవి మాత్రం పచ్చగా, ఎర్ర చుక్కలతో, నిన్ననే దుకాణంలో కొన్న గుడ్డలా మెరుస్తోంది.

‘‘తాళం ఎవరి దగ్గరుంటుంది?’’

‘‘నా దగ్గరేనండి.’’

‘‘ఎవరికీ ఇవ్వలేదు?’’

ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణాన్ని ఆయన పట్టుకున్నాడు.

‘‘పోయిన నెల ఒకసారి... నా కంటికి మందు వేయించుకోడానికి వెళ్తూ వాచ్‌మన్‌కి ఇచ్చాను. అరగంట.’’

‘‘వాచ్‌మన్ భార్య ఏం చేస్తుంది?’’

‘‘కుట్టుపని,’’ అంది ఆమె, ఆ మాట నోట్లోంచి పోతుంటేనే బాధపడుతూ.

‘‘ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఈశ్వరుణ్ణి కాను, నాకు సాయంత్రం అయిదింటిదాకా టైముంది. అప్పటికి ఎవరో తేలాలి. తేలకపోతే ఆ తాళం నా చేతిలో పెట్టండి. బొమ్మల్ని పెట్టెలో సర్ది ప్రధాన కార్యాలయం గోదాముకి పంపేస్తాను. ఈ గదికి తాళం వేస్తాను. మీరు కింద వార్తాపత్రికల విభాగంలో కూర్చోవచ్చు.’’

ఆయన వెళ్లిపోయాడు. ఆమె మెడలో తాడు ఒక్కసారిగా బరువెక్కింది. పదకొండేళ్లలో ఈ గదికి ఆమె ఒక్క రోజు ఆలస్యంగా రాలేదు. గోడ పక్కన చిన్న కుర్చీలు, కిటికీ దగ్గర చాప, అట్టలు ఊడిన పుస్తకాలకి వేరే బుట్ట, అన్నీ ఆమె ఒక్కొక్కటిగా అమర్చుకున్నవే. గోదాములో ఎలుకలుంటాయి. పెద్దాయన లాంటి ఎలుకలు కావు, నిజమైనవి.

*

ఏ కష్టం వచ్చినా ఆమె ముందు వెళ్లేది కింది అంతస్తులో ఉన్న బైండింగు గదికి. అక్కడ జిగురు తాత ఉంటాడు. చేతులెప్పుడూ జిగురుతో ఉంటాయి కాబట్టి పిల్లలు పెట్టిన పేరది. ఆయన రచయిత్రికి సొంత తమ్ముడు. బొంతన్న పుస్తకాల మొదటి ప్రతులన్నీ ఆయన చేత్తో కుట్టినవే. ఆ గొప్ప మాత్రం ఎక్కడా చెప్పుకోడు. ఎవరైనా ఎత్తితే, ‘‘రాసింది ఆవిడ, నేను అతికించాను’’ అని మాట మార్చేస్తాడు.

ఆమె జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆయన చెక్క బిగింపులో పుస్తకం పెట్టి ఫారాలు, అంటే మడిచిన కాగితాల కట్టలు, కుడుతున్నాడు. సూది ఆగలేదు.

‘‘చెవి పోతే కంగారు పడాలి గానీ, వస్తే ఎందుకమ్మాయ్?’’

‘‘తాతా, నవ్వులాటలా ఉందా? సాయంత్రానికి నన్ను ఆ గదిలోంచి తీసేస్తారు.’’

అప్పుడాగింది సూది. ఆయన తలెత్తాడు. ‘‘నిన్నా? నిన్నెందుకు?’’

‘‘తాళం నా దగ్గరుంది కాబట్టి.’’

‘‘తాళంతో తియ్యలేదేమో.’’

‘‘మరి దేంతో తీస్తారు?’’

తాత దారం కొసని తేనెమైనం ముద్ద మీద రెండుసార్లు లాగాడు. ఆ తర్వాత అడిగాడు: ‘‘కుట్టు ఎలా ఉంది? తిన్నగా ఉందా, వంకరగా ఉందా?’’

‘‘నేను చూడలేదు. వంకరైతే ఏంటి, తిన్నగా ఉంటే ఏంటి?’’

‘‘ఊరికే అడిగాను.’’

ఆమె విసుక్కుంటూ మెట్లెక్కింది. ఆ ప్రశ్న ఆమె చెవిన పడిందే గానీ బుర్రకి ఎక్కలేదు. అప్పటికే ఆమె బుర్ర నిండా వాచ్‌మన్ మీసాలున్నాయి.

*

వాచ్‌మన్‌ని అందరూ కర్నల్ అంటారు. సైన్యంలో ఎప్పుడూ పనిచెయ్యలేదు. ఆ మీసాలకి ఆ పిలుపు వచ్చిందంతే. గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని టీ చల్లార్చుకుంటున్నాడు.

‘‘నిన్న ఎవరొచ్చారు?’’ అంది ఆమె, మామూలుగా అడుగుతున్నట్టు.

‘‘సోమవారం ఎవరొస్తారు మేడమ్? సెలవు కదా. ఎవరూ రాలేదు.’’

‘‘నువ్వు పైకి వెళ్లావా?’’

‘‘కిటికీలు మూయడానికి వెళ్లాను. వాన వచ్చింది కదా.’’

‘‘బొమ్మల గదిలోకి కూడా?’’

కర్నల్ గ్లాసు కింద పెట్టాడు. ‘‘కిటికీ ఆ గదిలోనే ఉంది మేడమ్.’’

‘‘పోయిన నెల నీకు తాళం ఇచ్చాను. ఆ అరగంటలో దాన్ని ఎవరికైనా...’’ ఆమె వాక్యం పూర్తి చెయ్యలేకపోయింది.

‘‘ఎవరికైనా ఏంటి మేడమ్? అచ్చు తీయించానా? అడగండి, మొత్తం అడిగెయ్యండి. పదకొండేళ్లు మీ గొడుగు నేను మోశాను, నా టీ మీరు తాగారు. ఇవాళ నేను దొంగనయ్యాను.’’

‘‘నేను దొంగవనలేదు. నువ్వే భుజాలు తడుముకుంటున్నావు.’’

అనేశాక ఆమె నాలుక కరుచుకుంది. కర్నల్ మొహం ఎర్రబడింది. లేచి నిలబడి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న కుట్టు దుకాణంలోకి దూరి, భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ మెడలో టేపు, నోట్లో రెండు గుండుసూదులు, చేతిలో సగం కుట్టిన కాలరు ఉన్నాయి.

‘‘ఆ కుట్టు మా ఆవిడదైతే ఆవిడే చెప్తుంది. పదండి పైకి.’’

ఆవిడ గుండుసూదులు తీసి జాకెట్టుకి గుచ్చుకుంది. ‘‘ఏంటి వదినా, ఈయన ఏదో అంటున్నాడు? నేను ఎలుగుబంటికి చెవి కుట్టానా? నాకు ఆర్డర్లు ఎక్కువై చస్తుంటే ఎలుగుబంట్లకి కూడా కుడతానా?’’

పైకి వెళ్లాక లైబ్రేరియన్ పెట్టె తాళం తీసి, బొంతన్నని రెండు చేతులతో ఎత్తి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి కూర్చోబెట్టింది. దర్జీ ఆవిడ కళ్లజోడు ముక్కు మీదికి లాక్కుని, చెవిని వేలితో పక్కకి ఒంచింది. ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది.

‘‘ఇది గుడ్డలు కుట్టే చెయ్యి కాదు వదినా.’’

‘‘ఎలా చెప్తావు?’’

‘‘దారం చూడు. మైనం పట్టించారు. గుడ్డకి మైనం దారం వాడితే సూది దిగదు, చెయ్యి నొప్పెడుతుంది, ఎవరూ వాడరు. కుట్టు చూడు. ప్రతి వరస చివరా కింది కుట్టు వెనకనుంచి సూది దూర్చి ముడి వేసుకుంటూ పోయాడు. చెవికి ఇంత గట్టి ముడులెందుకు? ఏనుగుని కట్టేస్తున్నాడా?’’ ఆవిడ ఆ చెవిని ముక్కు దగ్గర పెట్టుకుంది. ‘‘ఇంకోటి. ఇది కొత్త గుడ్డ కాదు.’’

‘‘రంగు అంత మెరుస్తుంటే?’’

‘‘రంగు మెరుస్తోంది, మడత చూడు ఎలా పడిపోయిందో. ఏళ్లకి ఏళ్లు మడిచి పెట్టిన గుడ్డ. రేకు డబ్బా వాసన వస్తోంది. ఎండ తగల్లేదు కాబట్టి వెలవలేదు.’’ ఆవిడ బొంతన్న ఎడమ చెవిని పట్టుకుని లోపలి కుట్టు కొంచెం విడదీసింది. బూడిదరంగు గుడ్డ మడతలో, వెలుగు చేరని చోట, సన్నటి పచ్చటి గీత, దాని మీద ఒక ఎర్ర చుక్క. ‘‘చూశావా? ఈ రెండూ ఒకే తానులోవి. వదినా, ఇది ఎవరో కొత్తగా చేసిన చెవి కాదు. దీని చెవే ఇది.’’

తొందర, ఆరా, మొహమాటం, పెద్దాయన తెరిచిన పెట్టెలోంచి చూస్తూ కూర్చున్నారు.

అంటే పోయిన చెవిని ఎవరో అరవై నాలుగేళ్లు రేకు డబ్బాలో దాచిపెట్టారు. మైనం దారంతో కుట్టే ఎవరో. వరస చివర ముడి వేస్తే తప్ప చెయ్యి ఊరుకోని ఎవరో.

వంకరగా ఉందా, తిన్నగా ఉందా?

లైబ్రేరియన్ గాజు పెట్టె వెనక్కి వెళ్లింది. వెనక పలక అంచులకి, పుస్తకాల అట్టలకి వాడే నల్లటి కాలికో గుడ్డ పట్టీ అంటించి ఉంటుంది. పదకొండేళ్లలో దాన్ని ఎవరూ చూడలేదు. అందరూ ముందున్న తాళం కప్పనే చూస్తారు. మూడు వైపులా పట్టీ దుమ్ము పట్టి ఉంది. నాలుగో వైపు నల్లగా నిగనిగలాడుతోంది. ఒక్క బుడగ లేదు, ఒక్క ముడత లేదు. ఈ ఊళ్లో జిగురుతో గుడ్డని అంత చక్కగా అంటించే చేతులు ఒక్క జతే ఉన్నాయి.

‘‘కర్నల్,’’ అంది నెమ్మదిగా. ‘‘నిన్న ఎవరూ రాలేదన్నావు.’’

‘‘ఎవరూ రాలేదు మేడమ్.’’

‘‘జిగురు తాత?’’

‘‘తాత ప్రతి సోమవారం వస్తాడుగా,’’ అన్నాడు కర్నల్ ఆశ్చర్యంగా. ‘‘తాత వస్తే ఎవరో వచ్చినట్టా?’’

ఆమె అతని వైపు తిరిగింది. ‘‘ఇందాక అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు నాది.’’

కర్నల్ మీసం సవరించుకున్నాడు. దర్జీ ఆవిడ కాలరు చంకలో పెట్టుకుంటూ, ‘‘వెనక్కి తీసుకుంటే సరిపోదు, రేపు టీ మీరు పొయ్యాలి’’ అంది.

*

అయిదింటికి పది నిమిషాలుంది. లైబ్రేరియన్ బొంతన్నని తెల్లగుడ్డలో చుట్టుకుని బైండింగు గదిలోకి వెళ్లి, కోత కత్తి పక్కన, జిగురు గిన్నె ముందు బల్ల మీద కూర్చోబెట్టింది.

తాత చూశాడు. పొద్దున కుడుతున్న పుస్తకమే ఇంకా బిగింపులో ఉంది. ఒక్క ఫారం కూడా జరగలేదు.

‘‘కొంచెం వంకరగా ఉంది,’’ అంది ఆమె.

ఆమె ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. అడగాలనుకుంది. ఎందుకు చేశావు, ఎలా దాచావు, ఇన్నేళ్లు నా పక్కనే కూర్చుని పిల్లల చీటీలు చదివి ఎలా నవ్వావు? కానీ ఆ చేతులు పనిలేకుండా ఒళ్లో పడి ఉండటం ఆమె మొదటిసారి చూస్తోంది. కాగితం అంచుని వెంట్రుకవాసి తేడా లేకుండా కోసే చేతులవి. ఆమె బొంతన్న కింది తెల్లగుడ్డ సరిచేసింది.

సరిగ్గా అయిదింటికి అధ్యక్షుడు లోపలికొచ్చాడు. చేతిలో ఫోను.

‘‘ఇక్కడున్నారా? పైన వెతుకుతున్నాను. అమ్మగారికి చెప్పక తప్పలేదు. లైనులో ఉన్నారు.’’ ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కాడు. ‘‘అమ్మగారూ, మాట్లాడండి.’’

‘‘చెవి కుట్టారా?’’ రచయిత్రి గొంతు పల్చగా, కానీ స్థిరంగా ఉంది. ‘‘ఏ రంగు గుడ్డ?’’

‘‘పచ్చగుడ్డండి,’’ అంది లైబ్రేరియన్. ‘‘ఎర్ర చుక్కలు.’’

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

‘‘అది మా అమ్మ పాత బొంత గుడ్డ,’’ అంది రచయిత్రి. ‘‘మొదటి అట్ట మీద బొమ్మ గీసినాయనకి కూడా తెలీదు ఆ రంగు. అప్పటికే వెలిసిపోయింది. ఎవరు కుట్టారు?’’

‘‘అదే తేలలేదండి,’’ అన్నాడు అధ్యక్షుడు. ‘‘ఏమ్మా, తేలిందా? ఎవరో తెలిసిందా మీకు?’’

లైబ్రేరియన్ తాత వైపు చూడకుండా ఉండటానికి గోడ మీది గడియారం వైపు చూసింది. పేరు చెబితే గది మిగులుతుంది. చిన్న కుర్చీలు, చాప, బుట్ట, బొమ్మలు, అన్నీ మిగులుతాయి. ఒక్క పేరు చాలు.

‘‘నేను చెప్పనండి,’’ అంది.

‘‘తెలియదంటారా, చెప్పనంటారా?’’

‘‘చెప్పనంటున్నాను.’’

‘‘అయితే తాళం ఇక్కడ పెట్టండి.’’

ఆమె మెడలోంచి తాడు తీసింది. జుట్టుకి చిక్కుకుంటే విడదీసి తీసింది. బొంతన్న కాళ్ల దగ్గర, బల్ల మీద పెట్టింది. అధ్యక్షుడు చెయ్యి చాపాడు.

ఆయన కంటే ముందు జిగురు మరకలున్న ఇంకో చెయ్యి దాని మీద పడింది. తాత ఆ తాడుని తీసి, లైబ్రేరియన్ ఒళ్లో వేశాడు. తర్వాత ఫోను మీదికి వంగి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు కొంచెం గట్టిగా మొదలుపెట్టాడు.

‘‘అక్కా, నేను. ఈ అమ్మాయినేం అనొద్దని వీళ్లకి చెప్పు. పెట్టె తాళంతో తియ్యలేదు, వెనక పలక ఊడదీసి మళ్లీ అంటించాను. కుట్టింది నేను. కోసిందీ నేనే. నీకు జ్వరమొచ్చి పడుకున్నప్పుడు అమ్మ నెల రోజులు నీ మంచం దగ్గర్నుంచి లేవలేదు. నీకు వీణ్ణి కుట్టిచ్చింది, నాకు మిగిలిన పీలికలిచ్చి ఆడుకోమంది. నాకు ఆరేళ్లు. అమ్మ కత్తెర పట్టుకుని వీణ్ణి మొత్తం ముక్కలు చేద్దామనే వచ్చాను. ఒక్క చెవి తెగేసరికి భయమేసి, బలపాల డబ్బాలో దాచేశాను. పొద్దున నువ్వు ఏడవలేదు. ఏడిస్తే చెప్పేసేవాణ్ణి అక్కా. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చెవి కాకి తీసిందా, మేక తీసిందా అని కథ మొదలెట్టావు. ప్రతి కథలో నా పేరొస్తుందని ఊపిరి బిగబట్టుకుని విన్నాను. పద్దెనిమిది పుస్తకాలకీ ముందు ఆఖరి పేజీ చదివి, నేను లేనని చూసుకుని, ఆ తర్వాతే అట్ట వేశాను. ఈసారి ఆఖరి కథ కాగితాలు నువ్వు నాకు పంపలేదు. ఎందుకు పంపలేదో తెలుసు. శనివారం ఎవరి పేరు చెప్పినా చెప్పు, ముందు వరసలోనే కూర్చుంటాను. భయపడి కుట్టలేదక్కా. నీకిప్పుడు కనపడదు కదా, వీణ్ణి ఒళ్లో పెట్టుకుని తడుముతావు కదా, కుడివైపు నీ చెయ్యి వెళ్లినప్పుడు అక్కడ ఖాళీగా ఉండకూడదనిపించింది. కొంచెం వంకరగా వచ్చింది. నాకొచ్చిన కుట్టు అదొక్కటే.’’